పద్నాలుగు గెలుపులు, ఒక డ్రా

ప్రొఫెషనల్ బాక్సింగులో మొన్నటిదాకా నా రికార్డు పద్నాలుగు గెలుపులు, సున్నా ఓటములు, ఒక డ్రా. గెలుపుల గురించి ఎవరూ అడగరు. ఎక్కడికెళ్లినా అందరి కన్నూ ఆ డ్రా మీదే. పళ్లలో ఇరుక్కున్న పీచులా నన్నూ అదే సతాయిస్తుంది.

ఆ డ్రా మా వదినతో. అప్పటికావిడ వదిన కాదు, ఎదుటి మూలలో కూర్చున్న శత్రువు. నా కోచ్ మా అన్నయ్యే. రౌండు రౌండుకీ నాకు నీళ్లు పట్టాల్సిన మనిషి, ఎదుటి మూలలో మనసు పారేసుకున్నాడు. ఏడాది తిరక్కుండా పెళ్లి. నేను ఓడించలేకపోయిన ఒకే ఒక్క మనిషి వచ్చి నా పక్క గదిలో మకాం పెట్టింది.

వదిన ఆట మానలేదు. పొద్దున్నే ఇద్దరం ఒకే బ్యాగుని గుద్దేవాళ్లం. ఒకరితో ఒకరం తలపడటం మాత్రం లేదు. "మీరిద్దరూ మళ్లీ రింగెక్కితే నేను ఇల్లొదిలి పోతా" అని అన్నయ్య ఖరాఖండిగా చెప్పేశాడు. అయినా బట్టలు ఆరేస్తూ కూడా వదిన, "నీ సంగతి ఎప్పటికైనా తేలుస్తానే" అనేది.

"ఆశకి అంతుండాలి వదినా" అనేదాన్ని.

ఇంతలో ఛాంపియన్ బెల్టు కోసం పోటీ వచ్చింది. నా కుడి చేతి గుద్దుకి ఎంతటివాళ్లైనా పడాల్సిందే. ఈ ఛాంపియన్ మాత్రం నేను విసరకముందే తప్పుకుంటోంది. మొదటి ఆరు రౌండ్లూ గాలినే గుద్దాను. పాయింట్లలో బాగా వెనకబడ్డాను. నా రికార్డులోని ఆ సున్నా పోయేలా ఉంది. ఓడిపోతానేమోనని జీవితంలో మొదటిసారి భయమేసింది.

స్టూలు మీద కూలబడ్డాను. అన్నయ్య నా పెదవి మీద నెత్తురు తుడుస్తూ "కుడి చెయ్యి, కుడి చెయ్యి" అని పాడిన పాటే పాడుతున్నాడు. టవలు పట్టుకుని నిలబడ్డ వదిన అన్నయ్యని పక్కకి నెట్టింది.

"కుడి చెయ్యి విసిరే ముందు నీ ఎడమ మడమ లేస్తుందే. అది చూసే ఆమె తప్పుకుంటోంది."

"నీకెలా తెలుసు?"

"మన ఆట ఆఖరి రౌండ్లో కనిపెట్టా. వాడుకునేలోపు గంట కొట్టేశారు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మళ్లీ ఎదురుపడితే నిన్ను పడగొట్టేది దాంతోనేగా! చెప్పడానికి నాకేమన్నా పిచ్చా?" అంది. అంటూనే నా మోకాలు గట్టిగా నొక్కింది. "మడమ లేపు. కుడి చెయ్యి కదపకు. ఆమె నీ ఎడమ వైపుకే వస్తుంది."

నా మీద వాడదామని ఇన్నేళ్లు దాచుకున్నది తెచ్చి నా చేతిలోనే పెట్టేసింది.

గంట మోగింది. మడమ లేపాను. ఛాంపియన్ ఠక్కున పక్కకి జరిగింది, సరిగ్గా నా ఎడమ చేతి హుక్కు గుద్దుకి ఎదురుగా. దవడకి తగిలింది. రిఫరీ పది లెక్కపెట్టేదాకా లేవలేదు.

"పదిహేను గెలుపులు, సున్నా ఓటములు, ఒక డ్రా!" అని అనౌన్సర్ గొంతు చించుకున్నాడు. అతని చేతిలో మైకు లాక్కున్నాను.

"ఈ బెల్టు కోసం ముందుగా నాతో తలపడేది మా వదినే! ఆ డ్రా సంగతి తేల్చుకోవాలి."

అన్నయ్య నా స్టూలు మీద కూలబడ్డాడు. వదిన తాళ్ల మధ్య నుంచి దూరి వచ్చి నన్ను వాటేసుకుంది. నా భుజం తడిశాక గానీ ఏడుస్తోందని తెలియలేదు.

"ఇంకెలా గెలుస్తావు వదినా? ఉన్న గుట్టు కాస్తా చెప్పేశావుగా" అన్నాను చెవిలో.

"మడమ సంగతే చెప్పానే" అంది ముక్కు తుడుచుకుంటూ. "రెండోది నా దగ్గరే ఉంది."