కొబ్బరినీళ్లు తాగిన లారీ

"అంట్లెలాగూ తోముతన్నావు గదా, ఇయ్యి కూడా తోమీ" అంటూ త్రినాథరావు ఓ రేకు పళ్లెం నిండా లారీ సామాన్లు తెచ్చి పెళ్లాం ముందు పెట్టేసి వెళ్లిపోయాడు. కృష్ణవేణి చేతిలో అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. పళ్లెంలో మసిపట్టిన వాల్వులు, స్ప్రింగులు, పేరు తెలియని ఇనప ముక్కలు. ఇంజను విప్పడం మగాడి పని, కడగడం ఆడదాని పని. అన్నం తినడం ఒకరిదీ, కంచం కడగడం ఇంకొకరిదీ అయినట్టే ఇదీను. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి, ఆమెకు రావలసినంత కోపం రాలేదు. ఆ ఇంజను కడుపులో ఏముందో చూడాలని ఆమెకు పెళ్లైన నాటినుంచీ సరదా. గిన్నె పక్కకు నెట్టి కిరసనాయిలు సీసా తెచ్చుకుంది.

ఆ ముసలి లారీయే వాళ్ల ఇల్లు నడిపేది. సముద్రం ఒడ్డు తోటల్లోంచి కొబ్బరికాయలు, జీడిపిక్కలు ఎత్తుకుని పలాస చేర్చడం దాని పని. ఉద్దానం తోటల్లో దారి అంటే ఇసుకే. చక్రం కూరుకుపోతే మగవాళ్లంతా దిగి తోయాలి, స్టీరింగు దగ్గర ఒకరుండాలి. "నువ్వైతే బరువుండవు, పట్టు" అని పెళ్లైన కొత్తలో త్రినాథరావు ఆమెను ఎక్కించాడు. ఎంత తొక్కితే చక్రం ముందుకు పోతుందో, ఎంత తొక్కితే తన గొయ్యి తానే తవ్వుకుంటుందో ఆమె పాదం ఇట్టే నేర్చుకుంది. రానురాను తోటనుంచి తారురోడ్డు వరకూ లారీ ఆమెదే అయింది. తారురోడ్డు మొదట్లో కల్వర్టు దగ్గర మాత్రం బండి ఆగేది. ఆయన ఎక్కేవాడు. ఆమె దిగి, చీర దులుపుకుని, వెనక బస్తాల మీదికి పాకేది. పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో నలుగురూ చూస్తే ఏమనుకుంటారని ఆయన బెంగ. ఇసుకలో డ్రైవరు, తారురోడ్డు మీద పెళ్లాం. ఇన్నేళ్లూ బస్తాల మీద కూర్చుని వెనక్కి పోయే రోడ్డునే చూసింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎదురొచ్చే రోడ్డును చూడాలని ఆమె కోరిక. నగలడిగితే అర్థమయ్యేది ఆయనకు. ఇదెలా అడగడం?

ఆ ఏడు, అంటే రెండువేల ఒకటిలో, ఎండలు మండిపోయాయి. తోటల్లో మంచినీళ్లకు కటకట గాని బొండాలకు లోటు లేదు. రేడియేటరు పొగలు కక్కినప్పుడల్లా త్రినాథరావు చెట్టు కింది బొండాలు కొట్టి కొబ్బరినీళ్లు పోసేవాడు. మనిషికి చలవ చేసేది ఇంజనుకు చెయ్యదా అని ఆయన శాస్త్రం. ఉద్దానం బుర్రకు తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన. "మావా, అందులో తీపుంటాది, వేడికి అడుగంటుతాది" అని కృష్ణవేణి చెప్పి చూసింది. "ఇంజను సంగతి వంటింటోల్లు నాకు సెప్పక్కర్నేదు" అన్నాడు.

వేసవి ముదిరేసరికి లారీ ఇసుక మధ్యలో ఒక్క మూలుగు మూలిగి పట్టేసింది. ఖర్మకొద్దీ అప్పుడు స్టీరింగు దగ్గరున్నది ఆమె. ఇక అత్త పైడమ్మ నోటికి పని దొరికింది. ఆడది కూర్చున్న బండి ఏమవుతుందని పొరుగువాళ్లకు చెప్పింది, చేపల బుట్టతో వచ్చినావిడకు చెప్పింది, ఎవరూ దొరకనప్పుడు పొయ్యికి చెప్పింది. అదంతా వింటూనే త్రినాథరావు తలకాయ కిందికి వేసుకుని చారు పోసుకున్నాడు. అత్త మాటలకు ఆమె ఏడవలేదు. ఆ చారు పోసుకోవడం చూసి ఏడ్చింది.

లారీని ఇంటికి లాగించి, కాశీబుగ్గ నుంచి లారీలు బాగుచేసే మేస్త్రీ రామూర్తిని పిలిపించారు. పెరట్లో మూడు కొబ్బరి దుంగలు ముక్కాలిపీటలా నిలబెట్టి, గొలుసు వేసి ఇంజనును దించాడాయన. పిస్టన్లు తామాడే లైనరు గొట్టాల్లో కరుచుకుపోయాయి, పైమూత హెడ్డు వంకరపోయింది. అంత వేడి ఎందుకెక్కిందో చూద్దామని రేడియేటరు విప్పితే గొట్టాల నిండా గోధుమరంగు జిగురు. రామూర్తి వేలితో తీసి వాసన చూశాడు.

"ఎవులు బాబూ ఇందులో పాకం కాసింది?"

పైడమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు పనసచెట్టు వైపు చూశాడు. కృష్ణవేణి నవ్వు ఆపుకోవాలని కొంగు నోట్లో కుక్కుకుంది గాని ఆగితేనా. పడీపడీ నవ్వింది. ఆఖరికి రామూర్తి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. త్రినాథరావు ఆ సాయంత్రం తల్లి దగ్గరికెళ్లి, తప్పు తనదేనని ఒక్క ముక్క చెప్పాడు. ఆలస్యంగానే గాని చెప్పాడు.

మసి సామాన్ల పళ్లెం ఆమె ముందుకొచ్చింది ఆ మర్నాడే. ఆ తర్వాత రోజులన్నీ ఆమెకు పండగలా గడిచాయి. వంట తగ్గలేదు, నీళ్లు మోయడం తగ్గలేదు. ఆ పనులన్నీ అయ్యాక వచ్చి కూర్చునేది. కొత్త లైనర్లు, పిస్టన్లు, బేరింగులు బిగిస్తుంటే ఏది దేనికో అడిగేది. వాల్వులు అరగదీసే పని రామూర్తి ఆమెకే ఇచ్చాడు. ముద్దలాంటి గరుకు మందు అంచుకు పూసి, వాల్వును గూట్లో పెట్టి, దానికి అతికించిన కర్రను అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. మజ్జిగ చిలికినట్టే. ఇన్నేళ్లు చిలికిన చేతులకు అదొక లెక్కా? అంచు చుట్టూ సన్నని బూడిదరంగు గీత వచ్చేవరకూ తిప్పింది. పైనుంచి కిరసనాయిలు పోసి చూస్తే చుక్క కిందికి దిగలేదు. "ఇంక దిగదు, వదిలీమ్మా" అన్నాడు రామూర్తి. ఆమె మాత్రం మళ్లీ మళ్లీ వంగి చూసుకుంది. చేసిన వంట పూటకే ఖాళీ, ఉతికిన బట్ట మర్నాటికే మురికి. ఇలా నిలిచి ఉండే పని ఆమె చేతిమీదుగా జరగడం ఇదే మొదలు. ఎంత సంతోషమో చెప్పలేం.

ఇసుకలో తిరిగే బండి కాబట్టి గాలి వడగట్టే గిన్నెలో నూనె తరచూ మార్చాలని చెప్పి, వెళ్లేముందు రామూర్తి అసలు మాట చెప్పాడు.

"పిస్టన్లకేసిన కొత్త రింగులు ఒరుసుకుని అలవాటు పడాల. అందాకా బరువెయ్యొద్దు, గట్టిగా తొక్కొద్దు. బాలింతని సూసుకున్నట్టు సూసుకోండి."

త్రినాథరావు భక్తిగా తలూపాడు. కృష్ణవేణికి ఒళ్లు మండింది. కూతురు ఉమ పుట్టినప్పుడు పురిటి నీరసం తీరకుండానే జీడిపప్పు పొట్టు తీసే పళ్లెం తన ఒళ్లోకి వచ్చింది. తమ కాలంలో ఎవరు కూర్చున్నారని అత్త అంది. పనిలో పడితే నీకే హుషారుగా ఉంటుందని అన్నది ఇదిగో, ఈ భక్తుడే. తనకు దొరకని బాలింతరికం ఇనుముకు దొరికింది. కోపంతో పాటే నవ్వూ వచ్చింది. పోనీలే, దీనికైనా దొరకాలి. ఆయన చేతిలో పెడితే రెండోనాడే కాయలు నింపి పరుగెత్తిస్తాడు. ఆమె ఆ క్షణంలోనే ఒక నిర్ణయానికి వచ్చింది.

మొదటి ప్రయాణం ఖాళీ లారీతో కాశీబుగ్గకు, రామూర్తి షెడ్డు దాకా. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఎప్పటిలాగే ఇసుకలో ఆమె తోలింది. మధ్యలో ఉమను ఒళ్లో పెట్టుకుని పైడమ్మ, ఆ చివర త్రినాథరావు. కల్వర్టు వచ్చింది. ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి ఆమె వైపు తలుపు తీశాడు.

"దిగు."

ఆమె స్టీరింగు వదల్లేదు. కాళ్ల కింద ఇంజను నెమ్మదిగా, నిండుగా పలుకుతోంది.

"బాలింత మావా ఇది. సేతులు మార్సకూడదు. నేనే తీసుకెల్తాను."

"లైసెన్సుందేటి నీకు?"

"ఇసకలో ఎప్పుడైనా అడిగావేటి? నా లైసెన్సుకి సోమారం కాయితం ఎడదాం. ఇయ్యాలకి నీ లైసెన్సు పక్కన కూకుంటాది. ఎక్కు."

త్రినాథరావు తల్లి వైపు చూశాడు. పైడమ్మ మనవరాలి ముఖానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టింది.

"ఎక్కరా, ఎండెక్కిపోతంది. దాని కాలు నిదానం" అంది.

తారురోడ్డు ఎదురొచ్చింది. జీడితోటలు ఎదురొచ్చాయి, ఆటోలు, బస్సులు, సైకిలు మీద మంచుముక్క కట్టుకుని పోతున్న మనిషి, అందరూ ఎదురొచ్చారు. వెనకనుంచి హారన్లు కొట్టి దాటిపోయేవాళ్లు దాటిపోయారు. కృష్ణవేణి తొందరపడలేదు. ఆమె చీర మీద ఇవాళ జీడిపిక్కల దుమ్ము లేదు. కళ్లు తుడుచుకోవాలనిపించింది గాని స్టీరింగు మీంచి చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. కాశీబుగ్గలో నలుగురూ చూశారు. నలుగురూ ఏమనుకున్నారో ఆమెకు వినపడలేదు, ఇంజను పాట అంత బాగుంది.

షెడ్డు ముందు లారీ ఆగాక రామూర్తి వచ్చి ఇంజను మీద అరచెయ్యి పెట్టి, చల్లారాక రేడియేటరులో కాసిని నీళ్లు పొయ్యమన్నాడు. త్రినాథరావు డబ్బా పట్టుకుని ముందుకు నడిచాడు. డ్రైవరు సీటులోంచి ఆమె తల బయటపెట్టింది.

"మంచినీల్లేనా మావా?"

బజారు మధ్యలో త్రినాథరావు డబ్బా పైకెత్తి చూపించి, ఆమె పొయ్యమనే దాకా ఆగాడు.