ఎనిమిది గంటల పైన

మూడో కప్పు టీ కూడా ఖాళీ చేసి హార్మ్ పొప్పింగా లేచాడు. ఉదయం పది కాలేదు, అప్పుడే ఇది రెండో ఇల్లు. ఆవుల కొట్టాల్లో పాలు పితికే యంత్రాలు బాగుచేయడం అతని పని. జర్మనీ ఉత్తర తీరంలోని ఈ తూర్పు ఫ్రీజియాలో గడప తొక్కిన మనిషి మూడు కప్పులు తాగకుండా కదిలితే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. నలభై ఏళ్లుగా ఎవరినీ చిన్నబుచ్చని మనిషి హార్మ్. నూనె ఇంకిన గోళ్లు, మోకాళ్ల దగ్గర ఉబ్బిన నీలం ప్యాంటు, టీతో నిండిన పొట్ట. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. అయినా ఇంటింటికీ తిరిగి నిరుటి క్యాలెండర్లు అడుగుతున్నాడు.

దీనంతటికీ కారణం టోంకె. పన్ను కాగితాలు నింపిపెట్టే సంఘంలో పనిచేసే ఆ అమ్మాయి మొన్న అతని ఫారం చూసి కళ్లజోడు తీసేసింది.

"పొప్పింగా గారూ, భోజనం గడిలో ప్రతి ఏడూ సున్నాయేనా?"

"ఖర్చయితే కదమ్మా! వెళ్లిన ప్రతి ఇంట్లో బఠాణీ సూప్ పోస్తారు. ఊరికే తిని, పన్ను తగ్గించమంటే అబద్ధం కాదూ?"

"ఎవరు పెట్టారో చట్టానికి అక్కర్లేదండీ, మీ కంపెనీ పెట్టకపోతే చాలు. పనిమీద ఇంటి నుంచి ఎనిమిది గంటల పైన బయట ఉన్నారా, ఆ రోజుకు పద్నాలుగు యూరోల మీద పన్ను పడదు. రుజువు తెండి, నిరుటిదైనా ఇప్పిస్తాను."

విషయం విని భార్య గేషె పడీపడీ నవ్వింది. "నలభై ఏళ్లు సూప్ తాగి మొహమాటపడ్డావా, మహానుభావా! వచ్చిన డబ్బుతో నన్ను మన తీరం ఎదుటి దీవికి తీసుకెళ్లు. వారం రోజులు, ఒక్కరోజు తగ్గినా ఒప్పుకోను." హార్మ్ సరేనన్నాడు.

రుజువులకు కొదవలేదు. ఈ రైతులు ఆవు ఈనినా, అత్త వచ్చినా వంటింటి క్యాలెండర్ మీద రాస్తారు. హార్మ్ ఎప్పుడొచ్చాడో, ఎప్పుడెళ్లాడో అన్నీ ఉన్నాయి. తీరా లెక్క చూస్తే చాలా రోజులు ఏడు గంటల దగ్గరే ఆగాయి. గురువారాలు మాత్రం ఎనిమిది దాటి ఉండాలి. గురువారం ఆఖరి ఇల్లు రేమ్ట్ టామెన్‌ది.

ఎనభై రెండేళ్ల రేమ్ట్‌కు పన్నెండు ఆవులు తప్ప ఎవరూ లేరు. క్యాలెండర్ అడగగానే ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి.

"అది... ఎక్కడో పడేశాన్రా."

"నీ వెనకే, కొత్తదాని కింద వేలాడుతోంది, పెద్దాయనా."

హార్మ్ అందుకుని తిరగేశాడు. ప్రతి గురువారం గడిలోనూ వంకర అక్షరాలు: 'పొద్దున పైపు ఊడదీశాను. రెండింటికి హార్మ్ వచ్చాడు. అయిదింటికి వెళ్లాడు.'

"యంత్రం ఆగిందా లేదా? ఆగితే నువ్వు రావాలా లేదా?" రేమ్ట్ గట్టిగా దబాయించాడు. "రాసుకో! అది పనేగా!"

హార్మ్‌కు నవ్వు ఆగలేదు. "బిగించిన పైపు వారం వారం దానంతటదే ఊడుతుందని నేను నమ్మాననుకున్నావా? బిగించడానికి అయిదు నిమిషాలు. మిగతాదంతా నీ దగ్గర కూర్చోవడమే." క్యాలెండర్‌ను తిరిగి మేకుకు తగిలించాడు. "దాన్ని పని అని సంతకం పెట్టలేనయ్యా. గురువారాలు రాయను."

దీవిలో గడపాల్సిన వారం కాస్తా రెండు రోజులవుతుంది. గేషె తిడుతుంది, తర్వాత నవ్వుతుంది. అయినా అతని మనసు హాయిగా ఉంది.

"ఇక నుంచి కొత్త కుర్రాడు వస్తాడట కదా," అన్నాడు రేమ్ట్, టీలో కలకండ పలుకు చిటపటలాడటం వింటూ. "వాడు మూడో కప్పు దాకా ఆగుతాడంటావా?"

హార్మ్ మూడో కప్పు తాగి, ముసలాయన భుజం నొక్కి, బయటకు నడిచాడు.

నలభై ఏళ్లలో ఏ ఇంట్లోనూ చిన్న మర కూడా మరిచిపోని మనిషి వ్యాన్ కాలువ మలుపు తిరిగింది. రేమ్ట్ బల్ల మీద, వెచ్చటి టీ కూజా పక్కన, హార్మ్ పదమూడో నంబరు స్పానర్ ఉండిపోయింది.