అందరూ విన్న మాట

క్రేన్ నడిపేవాడు నా బామ్మర్ది. కింద నిలబడి వాకీటాకీలో వాడికి దారి చెప్పేవాణ్ణి నేను. మా ఇద్దరికీ ఒక ఛానల్, సైటు మొత్తానికి ఇంకో ఛానల్. బరువు గాల్లో ఉన్నంతసేపు ‘లేపు, దించు, ఆపు’ తప్ప ఇంకో మాట అనకూడదు. నాలాంటి వాగుడుకాయకి అదో శిక్ష.

పోయిన నెల ఒక పెయింటరు పరంజా మీంచి జారిపడి చనిపోయాడు. కింద మేమంతా ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. మా బామ్మర్ది మాత్రం పైన క్రేన్ అద్దాల గదిలో ఒక్కడే కూర్చుని చూశాడు. అప్పట్నుంచీ తమ్ముడు అన్నం కెలికి లేచిపోతున్నాడని మా ఆవిడ రోజూ నా బుర్ర తింటోంది. అడిగితే "ఏం లేదు బావా" అంటాడు. ఆ ‘ఏం లేదు’ వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం ఇనుప కమ్మీల కట్ట గాల్లో ఉండగా వాకీటాకీ గరగరమంది.

"బావా, కళ్లు మూస్తే ఆయన పడటమే కనబడుతోంది. నిద్రలేదు. ఇక్కడ ఒక్కణ్ణే ఉంటే ఏమైనా చేసుకుంటానేమోనని నా మీద నాకే భయమేస్తోంది."

నాకొక్కడికే చెబుతున్నాననుకున్నాడు పాపం. పొరపాటున అందరి ఛానల్ నొక్కాడు. పైఅంతస్తు తాపీవాళ్ల దగ్గర్నుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా విన్నారు. కాంక్రీటు మిషన్ ఆగిపోయింది.

అప్పుడు ఫోర్‌మన్ అందుకున్నాడు. ఆయన్ని మేం ఉరుము అంటాం. ఇక వాడి పని అయిపోయిందనుకున్నాను.

"ముందు ఆ కట్ట దించు నాన్నా. తొందరేం లేదు, కింద అందరినీ పక్కకి పంపించాను."

ఆ నోటికి ‘నాన్నా’ అనడం వచ్చని మాకెవరికీ తెలీదు.

కట్ట దూదిమూటలా దిగింది. అంత బాధలోనూ వాడి చెయ్యి తప్పలేదు.

"ఇప్పుడు క్రేన్ ఆపేసి కూర్చో. మీ బావ పైకొస్తున్నాడు. వచ్చేదాకా మాతో మాట్లాడుతూనే ఉండు. నేనూ ఒకప్పుడు ఇదే భయంతో మందులు వాడినవాణ్ణే. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు."

బెల్టు తగిలించుకుని నిచ్చెన ఎక్కుతుంటే నా నడుముకున్న వాకీటాకీలో ఒక్కో గొంతూ వినబడింది. "నాకూ నిద్ర పట్టట్లేదు తమ్ముడూ" అంది సిమెంటు కలిపే అక్క. మొన్న బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చానన్నాడు వెల్డరు. గుమ్మంలో పట్టనంత మనిషి. "తొందరగా దిగన్నా, నీ టీ కూడా ఉరుమే తాగేసేలా ఉన్నాడు" అన్నారెవరో, ఆయన వింటున్నాడని మర్చిపోయి. ఇన్నేళ్లుగా ఎలాంటి మనుషుల మధ్య పనిచేస్తున్నానో నాకే తెలీలేదు.

నేను ముందు, వాడు నా వెనక, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగాం. పని మానేసి అందరూ కిందే నిలబడ్డారు.

"డాక్టరు దగ్గరికి నా బండిలో వెళదాం" అన్నాడు ఉరుము.

"ఇక నన్ను క్రేన్ ఎక్కనివ్వరు కదా సార్?"

"డాక్టరు సరేనంటే ఎక్కుతావు. అందాకా కిందే, మీ బావ పక్కన. ఆ వాగుడు భరించడమే కష్టం."

మా ఆవిడకి ఫోన్ కలిపాను. ఏం చెప్పాలో తెలీక నీళ్లు నములుతుంటే వాడే నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"అక్కా, నాకు బాగోలేదు" అన్నాడు.

చుట్టూ అంతమంది ఉన్నారు. గొంతు తగ్గించలేదు.