చచ్చిన సర్వర్ ఓటు

అంబులెన్సుల కంట్రోల్ రూమ్‌లో మధ్యాహ్నం ఒక సర్వర్ చచ్చిపోయింది. బయట పొద్దున్నుంచి వాన. ఫోన్లు ఆగడం లేదు.

ఏ బండి ఎక్కడికి వెళ్లాలో తేల్చే ప్రోగ్రాము మూడు సర్వర్ల మీద నడుస్తుంది. సగానికి మించి సర్వర్లు ఒప్పుకుంటేనే బండికి కబురు వెళుతుంది. మూడింటికి రెండు చాలు. ఇప్పుడు మిగిలినవి రెండే. వాటిలో ఒకటి నెమ్మదించింది. అది కూడా ఆగితే ఏ బండీ కదలదు.

వాటిని చూసుకునే ఇంజనీరు గాజు గోడకు ఇవతల కూర్చుంది. అవతల ఫోన్లు ఎత్తేవాళ్లలో ఆమె ఆడపడుచు ఒకతె. ఆమె తలుపు తీసి తల లోపలికి పెట్టింది.

“వదినా, తెర నత్తనడక నడుస్తోంది. నువ్వేమైనా గెలికావా?”

“ఇంకా గెలకలేదు. వెళ్లి ఫోనెత్తు.”

“గెలికేముందు చెప్పు. తిట్లు తినేది నేను.”

ఆమె వెళ్లాక మేనేజరు వచ్చి ఇంజనీరు వెనక నిలబడ్డాడు.

“కొత్త సర్వర్ సిద్ధంగా ఉందిగా? కలిపెయ్. సర్వర్లు నాలుగవుతాయి.”

“ముందు చచ్చినదాన్ని తీసెయ్యాలి సార్.”

“ఒకటి పోయి ఏడుస్తుంటే ఇంకా తీసెయ్యడమేంటి? మతి ఉండే మాట్లాడుతున్నావా?”

“అది చచ్చినా దాని పేరు సర్వర్ల జాబితాలో ఉంది. ఓటర్ల జాబితాలో పోయినవాళ్ల పేర్లున్నట్టు. సగం లెక్కేసేటప్పుడు అదీ లెక్కలోకి వస్తుంది.”

“ఉంటే ఉండనీ. నాలుగోది వస్తే మనకు బలమేగా.”

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. సర్వర్ల సంఖ్య మార్చాలంటే ఒకరు టైపు చేయాలి, మరొకరు తమ పాస్‌వర్డ్ కొట్టి ఒప్పుకోవాలి. ఆ షిఫ్టులో ఆ మరొకరు మేనేజరే. ఇంజనీరు చచ్చినదాని తొలగింపు టైపు చేసి కీబోర్డు ఆయన వైపు జరిపింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“తీశాక ఉన్న రెంటిలో ఒకటి పోతే?”

“ఆగిపోతుంది.”

“చూశావా మరి.”

“తీయకపోయినా అంతే సార్. మీరన్నట్టు నాలుగు చేశామనుకోండి, సగానికి మించి ఎంత?”

“మూడు.”

“బతికున్నవి రెండు.”

“కొత్తది లేస్తే మూడు.”

“లేవకపోతే?”

మేనేజరు గాజు గోడ వైపు చూశాడు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆడపడుచు గొంతు వినిపిస్తోంది. “ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టండమ్మా. బండి వస్తోంది.” ఆమె తెర మీద బండి నంబరు ఉండాల్సిన చోట చక్రం తిరుగుతోంది. అక్కడికి ఇంకా ఏ బండీ బయలుదేరలేదు.

“ఎందుకు లేవదు? సిద్ధం చేసింది నువ్వేగా?” అన్నాడు మేనేజరు.

“నేనే. అందుకే అడుగుతున్నా.”

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. పాస్‌వర్డ్ మొదటిసారి తప్పు కొట్టాడు. రెండోసారి పడింది. జాబితాలో పేర్లు రెండయ్యాయి. ఫోన్ల గదిలో తెరలు ఆగలేదు. ఆమె కొత్తదాన్ని చేర్చింది, ఆయన ఒప్పుకున్నాడు. పేర్లు మూడు, కావలసినవి రెండు.

కొత్తది లేవలేదు.

ఆమె దాని సందేశాలు పైనుంచి చదివింది. “నాదే తప్పు. చచ్చినదాని అడ్రసే దీనికీ పెట్టాను.”

మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నాలుగు చేసుంటే…” అని ఆగాడు. తర్వాత, “ఈ రెండూ లాగుతాయా?” అని అడిగాడు.

“ఇప్పటిదాకా లాగుతున్నాయి. ఆ కాగితం మీదున్న దీని అసలు అడ్రసు చదవండి. మెల్లగా.”

ఆయన ఒక్కో అంకె చదివాడు. ఆమె కొట్టింది. చివరి అంకె రెండోసారి చదివించుకుంది. కొత్తది లేచి పాత సమాచారమంతా కాపీ చేసుకోవడం మొదలుపెట్టింది. ఆ బరువుకు తెరలు ఇంకా నెమ్మదించాయి. అవతలి గదిలో ఎవరో బల్ల మీద అరచేత్తో కొట్టారు.

“ఆపుదామా?” అన్నాడు మేనేజరు.

“వద్దు సార్.”

కాపీ పూర్తయింది. కొత్తది ఓటు వేసింది. ఇక నెమ్మదిగా ఉన్నదాని జవాబు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఆడపడుచు తెర మీద చక్రం పోయి నంబరు వచ్చింది. ఆమె వదిన వైపు చూడలేదు. హెడ్‌సెట్ మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

“బండి ఇప్పుడు బయలుదేరిందమ్మా. ఇందాక వస్తోందన్నాను, అప్పటికింకా బయలుదేరలేదు. ఆయన ఊపిరి తీసుకుంటున్నారా? చెప్పండి, నేను లైన్లోనే ఉన్నా.”