విమానానికి టైము చెప్పే సాయమ్మ

పొద్దున చాయ్ తాగి, బీపీ గోలీ మింగి, గడియారానికి చావి ఇచ్చి, ఇచ్చినట్టు గుర్తుకు కొంగున ఒక ముడి వేసుకోవడం సాయమ్మకు రోజూ ఉన్న పని. మూడున్నరకు విమానం వస్తుంది. దానికి టైము చెప్పాలి. చిక్కల్లా ఆ ముడితోనే వచ్చింది. కొంగున ముడి కనిపిస్తుంది గాని, అది ఇవాళ్టిదో నిన్నటిదో తెలియడం లేదు.

"పండుకునేటప్పుడు ఇప్పుకోవాలె అత్తమ్మా," అంటుంది కోడలు గ్రేస్.

"ఇప్పుకున్ననో లేదో యాదికుంటే ముడి ఎందుకే నాకు?" అని సాయమ్మ విసుక్కుంటుంది.

గడియారం ఆమె పెనిమిటి కొండయ్యది. భివండీ నార్పోలిలో మగ్గాల షెడ్డుకు వచ్చిన కొత్తలో బొంబాయి చోర్ బజారులో కొన్నాడు. ఎప్పటిదో, ఏ దేశపు విమానం నడిపినవాడిదో. అరచేతిలో సగం ఉంటుంది. నల్లటి ముఖం మీద తెల్లటి పెద్ద అంకెలు. గింత బండ గడియారం ఎందుకని సాయమ్మ అడిగితే, "రెండు చేతులు మగ్గం మీదుంటయి, జేబులకెల్లి ఎట్ల తియ్యాలె? ఇదైతే మంచు లెక్క దూది లేస్తున్నా కనవడ్తది," అన్నాడు. చొక్కా చెయ్యి మీదుగా కట్టుకునేవాడు. అద్దం చుట్టూ తిరిగే కడెం ఒకటుంది. మగ్గం నాడెలో కొత్త నూలు కండె పెట్టగానే దాని మీది గుర్తును నిమిషాల ముల్లుకు కలిపేవాడు. నూలు ఎప్పుడు అయిపోతుందో అదే చెప్పేది. ఆయన పోయినంక గడియారం సాయమ్మ చేతికి వచ్చింది. మధ్యాహ్నం డాబా ఎక్కే పనీ దాంతోపాటే వచ్చింది.

ముంబైకి పోయే విమానం రోజూ వాళ్లుండే వరుస గదుల చాల్ మీదికి వచ్చి, నీళ్ల టాంకీకి కొంచెం పైన ఆగుతుంది. తాళ్ల మీది బట్టలు ఎగురుతాయి. పక్కింటి పూనం తన అప్పడాల మీద చీర కప్పుకుంటూ రోజూ తిట్టేదే తిడుతుంది. పైలెట్ వైభవ్ కిటికీ జరుపుతాడు. కామత్‌ఘర్‌లో మగ్గాలాయన కొడుకు.

"అవ్వా, టైమెంత?"

"గన్ని మీటర్లు పెట్టుకున్నవు, ఒక్కదానికి తెల్వదా బిడ్డా?"

"అవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి చెప్తయి అవ్వా. నీది ఎవ్వరి మాట వినది."

ఆమె చదివి చెబుతుంది. ఆ టైమునే విమానం పట్టుకుపోతుంది, ఇక ఊరికంతా అదే టైము. అందుకే ఆమె తప్పితే ఊరు తప్పుతుంది. మొన్న ఒకనాడు ముల్లు సరిగా చూడక అరగంట తక్కువ చెప్పింది. భివండీ మొత్తం ఆ అరగంట మళ్లీ పని చేసింది. కాల్హేర్ గోదాములో ఆమె కొడుకు షాలేమ్ అప్పుడే లారీ నింపి చెమట తుడుచుకుంటున్నాడు. చూస్తుండగానే లారీ ఖాళీ అయింది. అవే డబ్బాలు మళ్లీ ఎత్తాడు.

ఆ సాయంత్రం తువ్వాల మూలకు కొట్టి అన్నాడు: "ఇగ నాతోని కాదమ్మా. అందరు నన్నే అడుగుతున్నరు. కల్యాణ్‌ల రాంప్రసాద్ సేఠ్ అని ఉన్నడు, పాత గడియారాలు జమ చేస్తడు. విమానానికి టైము తన దుకాణంకెల్లి చెప్తనన్నడు. శుక్రవారం వస్తడు. ఆనాడు గడియారం సరిగ నడిస్తే నీదే. ఆగినా, తప్పినా ఆయనకిచ్చేస్త."

"ఇయ్యి. అన్నీ గుంజుకుంటివి, ఇదొక్కటెందుకు?"

నిజమే. పాలు మాడ్చిందని పొయ్యి లైటరు దాచేశారు. తలుపు తెరిచిపెట్టి పోయిందని తాళంచెవి తీసుకున్నారు. ప్రార్థన నుంచి వస్తూ గల్లీ తప్పిందని ఒంటరిగా చర్చికి పోవడమూ బందు. ఎవరు ఎదురైనా "నేనెవరో యాదున్నదా?" అని పరీక్ష పెట్టేవాళ్లే. యాదిలేకున్నా ఉన్నట్టు నవ్వీ నవ్వీ ఆమె దవడలు నొప్పి పుడుతున్నాయి. ఇంట్లో తన పని అని చెప్పుకోవడానికి గడియారం ఒక్కటే మిగిలింది.

శుక్రవారం రాంప్రసాద్ వచ్చాడు. షాలేమ్ పొద్దున డ్యూటీ చేసి సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. అందరూ డాబా ఎక్కారు. రాంప్రసాద్ చెయ్యి చాచాడు గాని, సాయమ్మ మణికట్టు మీదికి కొంగు లాక్కుంది. ఆయనేమీ అనుకోలేదు. కొంగు అంచున కనబడినంతలోనే చూసి మురిసిపోయాడు.

"ఈ చావి ఉల్లిగడ్డ లెక్క ఇంత పెద్దగ ఎందుకున్నదో ఎరుకేనా అమ్మా? అప్పటి విమానాలకు పైకప్పు లేకుండె. చలికి పైలెట్లు మందం గ్లౌజులు తొడుక్కునేటోళ్లు, అవి ఇప్పకుంటనే తిప్పాలె. కోటు మీద కట్టాలె గనుక పట్టా పొడుగు. మొట్టమొదట్ల అందరివీ జేబు గడియారాలే. ఎవడో ఒకడు, రెండు చేతులు విమానం మీదుంటే జేబుల చెయ్యెట్ల పెడ్తనని దోస్తుకు చెప్పి చేతికి కట్టుకునేది చేయించుకున్నడట."

"మా ఆయన గదే అన్నడు."

"మబ్బులల్ల నేల కనవడకపోతే, బయలెల్లి ఎంతసేపైంది, ఏ జోరుల పోతున్నం అని చూసి ఎక్కడున్నమో లెక్క కట్టేటోళ్లు. గడియారం ఆగిందంటే తొవ్వ తప్పినట్టే. ఇప్పుడు అన్నిటికీ మిషన్లున్నయి. అయినా జనం ఇవే అడుగుతరు."

"ఎందుకట్ల?"

రాంప్రసాద్ తన మణికట్టు తడుముకున్నాడు. "తెల్వదమ్మా. చెయ్యి దానంతటదే చావి మీదికి పోతది. నేనైతే దీన్ని నడిపియ్య. అద్దాల పెట్టెల పెడ్త. టైము చెప్పేతందుకు వేరే ఉన్నయి."

మబ్బులు అన్న మాట సాయమ్మ గుండెల్లో గుచ్చుకుంది. ఈ మధ్య నిద్ర లేచినప్పుడు ఎక్కడున్నదో తెలియడానికి ఆమెకూ అంతసేపు పడుతోంది. అప్పుడు చెయ్యి గడియారం మీదికే పోతుంది. ఆ అలవాటునే వేలు చావిని తడిమింది. పట్టు లేకుండా వదులుగా తిరిగింది. కొంగు జరిపి చూసింది. సెకన్ల ముల్లు కదలడం లేదు. ఒక దినం నిండితే ఆగే పాత గడియారం, సరిగ్గా చావి ఇచ్చే వేళకే ఆగి ఉంది. తొమ్మిదింబావు.

కొంగున ముడి నిన్నటిది.

అప్పటికే విమానం టాంకీ మీదికి వచ్చింది. అప్పడాలు లేచాయి, పూనం తిట్టింది, కిటికీ జరిగింది.

"అవ్వా, టైమెంత?"

మూడున్నర అంటే సరిపోతుంది. ఎండ చూసినా తెలుస్తుంది. షాలేమ్‌కూ అనుమానం రాదు. కానీ తెలిసినట్టు నటించి నటించి సాయమ్మకు విసుగు పుట్టింది. కొంగు పూర్తిగా వెనక్కి తోసి, చెయ్యి పైకెత్తి, ఉన్నది ఉన్నట్టు చదివింది.

"తొమ్మిదింబావు."

షాలేమ్ నెత్తి పట్టుకున్నాడు. వైభవ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పొద్దుగాలనా అవ్వా?"

"పొద్దుగాలనే."

"సరే మరి," అని కిటికీ మూసుకున్నాడు. లోపల జనం ముఖాలు మాడ్చుకున్నారు. విమానం తోక ముందుకు పెట్టి, వచ్చిన దారినే పోయింది. ఎండ మెల్లగా తూర్పుకు మళ్లింది. ఆరిన బట్టల నుంచి నీళ్లు కారాయి. రాంప్రసాద్ కల్యాణ్‌లో తన ఇంట్లో టిఫిన్ ముందు ఉన్నాడు. షాలేమ్ కాల్హేర్‌లో డబ్బాల ముందు ఉన్నాడు.

"మల్ల వంట చెయ్యాల్నా!" అని గ్రేస్ ఉల్లిగడ్డలు ముందేసుకుంది. ఫోన్ మోగింది. షాలేమ్ అరుపు గదంతా వినిపించింది.

"ఏమని తిడ్తవయ్యా?" అంది గ్రేస్. "ఇంకా తొమ్మిదిన్నర గూడ కాలె. విమానమే రాలె, అత్తమ్మ తప్పు చేసిందెప్పుడు?"

అటువైపు ఎవరో డబ్బాలు ఎత్తమని కేకేశారు. షాలేమ్ ఫోన్ పెట్టేశాడు.

సాయమ్మ గోడకానుకొని కూర్చుని చావి పట్టుకుంది. ఉల్లిగడ్డ లాంటి ఆ పెద్ద చావి, ముసలి వేళ్లకు కూడా జారలేదు. లోపల తీగ బిగుసుకునేదాకా తిప్పింది. సెకన్ల ముల్లు కదిలింది. నిన్నటి ముడి విప్పి, కొత్తది వేసుకుంది.

మూడున్నరకు మళ్లీ అందరూ డాబా ఎక్కారు. రాంప్రసాద్ గ్లౌజుల సంగతి, జేబు గడియారాల సంగతి మొదటి నుంచి చెప్పాడు. సాయమ్మ ఓపికగా విన్నది. ఒక్కసారైనా, చెప్పిందే చెప్పేది తాను కాదు. విమానం ఆగింది. ఆమె చదివింది. వైభవ్ తల ఊపి ముంబై వైపు పోయాడు.

"మరి గడియారం?" అన్నాడు రాంప్రసాద్.

షాలేమ్ రెండు డ్యూటీల చెమటతో నిలబడి ఉన్నాడు. తల్లి చేతి మీద తిరుగుతున్న ముల్లును చూశాడు.

"నడుస్తనే ఉన్నది గద సేఠ్. ఎట్ల ఇయ్యాలె?"

ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు. షాలేమ్ ఆరిన బట్టలు తాళ్ల మీద నుంచి లాగుతూ, తల్లి వైపు చూడకుండా అన్నాడు:

"రేపటిసంది పొద్దుగాల చావి సంగతి నేను యాది చేస్త."

"నువ్వు గూడ మర్సిపోతే?"

"మర్సిపోతే ఏమున్నదే అమ్మా," అన్నాడు షాలేమ్, నడుం పట్టుకుని. "మల్ల పొద్దుగాల అయితది."