చెవి అన్నయ్యది, చెయ్యి నాది

మా షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఒకటే పద్ధతి. ఇంజన్‌ని అన్నయ్య వింటాడు, నేను విప్పుతాను. బండి రాగానే పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. తను నోరు విప్పేదాకా నేను పానా ముట్టుకోకూడదు. పని అయ్యాక మళ్లీ తనే విని "పంపించు" అంటేనే బండి గేటు దాటాలి. చెవి అన్నయ్యది, చెయ్యి నాది. పేరు కూడా ఆ చెవికే వచ్చింది. నా చేతుల్ని ఇంతవరకు ఎవడూ పొగిడిన పాపాన పోలేదు. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

నర్సమ్మ కారు మూడోసారి వచ్చింది. ఆవిడ ఇళ్లకు వెళ్లి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసి వస్తుంది. ఆ కారుది మా షెడ్డు వయసే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక సైలెన్సర్‌లోంచి ఢామ్మని పేలుతోంది.

"పాపాయిని నిద్రపుచ్చి బయటికొస్తానా, వీధి మలుపు తిరిగేలోపు మళ్లీ నేనే లేపుతున్నానండీ," అంది. "నిన్న ఒకావిడ మొహం మీదే చెప్పేసింది, ఇకమీదట బస్సులో రమ్మని."

అన్నయ్య స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. "కార్బురేటరే," అన్నాడు.

మొదటిసారీ అదే అన్నాడు, విప్పి కడిగాను. రెండోసారీ అదే అన్నాడు, మళ్లీ కడిగాను. అన్నం తినే కంచం కూడా నేను అంత శుభ్రంగా కడిగి ఎరగను.

"రెండుసార్లు కడిగాం కదా అన్నయ్యా," అన్నాను.

"సరిగ్గా కడిగి ఉండవు."

అదీ ఆవిడ ముందే. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏం లాభం, తప్పు నా దగ్గరా ఉంది. ఆ ఇంజన్ పక్కనుంచి సన్నగా చిట్ చిట్‌మని ఒక చప్పుడు వస్తోంది. సైలెన్సర్ గొట్టం ఇంజన్‌కి అతుక్కునే చోట ప్యాకింగ్ పోతే వచ్చే చప్పుడు అది. ఆ సందులోంచి గాలి దూరి, కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలో అంటుకుని పేలుతుంది. ఈ సంగతి నాకు నేర్పిందే అన్నయ్య. మొదటి రోజే నేనా చప్పుడు విన్నాను. వినడం మన పని కాదులే, తనకి ఇంకేదో పెద్దది వినిపించి ఉంటుందిలే అని నోరు మూసుకున్నాను.

పళ్లు కొరుక్కుంటూ పానా తీస్తుంటే, షెడ్డు మూల స్టవ్వు మీద కెటిల్ ఈల వేసింది. అన్నయ్య దానికి నాలుగడుగుల దూరంలో చేతులు తుడుచుకుంటున్నాడు. ఈల ఆగలేదు. అన్నయ్య కదల్లేదు. నేనే వెళ్లి స్టవ్వు ఆపాను.

కిందటి నెల ఇలాగే రెండు కెటిళ్లు మాడిపోయాయి. మతిమరుపు వచ్చిందా నీకు అని అరిచాను కూడా. అరిస్తే బాగానే వినిపించింది, తిరిగి అరిచాడు. లారీ హారన్ వినిపిస్తుంది, పేలుడు వినిపిస్తుంది. సన్నటి చప్పుళ్లే అందడం లేదన్నమాట. ఆరు నెలలుగా వదిన "మీ అన్నయ్య నా మాట వినడం లేదయ్యా" అంటుంటే, పెళ్లయిన ముప్పై ఏళ్లకు తెలిసిందా నీకు అని ఆటపట్టించాను. ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఒక దారి ఉంది. అన్నయ్య భోజనానికి వెళ్లినప్పుడు గుట్టుచప్పుడు కాకుండా ప్యాకింగ్ మార్చేసి, కార్బురేటర్ కడిగానని చెప్పొచ్చు. తను విని "పంపించు" అంటాడు. ఆ చెవి పేరు ఆ చెవికే ఉంటుంది. కానీ బ్రేకు అరిగిన బండి వస్తే అది కూడా సన్నగానే కీచుమంటుంది. దాన్నీ విని "పంపించు" అంటాడు. నేనూ పంపించేస్తాను.

బకెట్‌లో సబ్బు నీళ్లు కలిపాను. పొగ వెనకనుంచి పోకుండా సైలెన్సర్ చివర గుడ్డ కుక్కి, ఇంజన్ స్టార్ట్ చేసి, గొట్టం అతుకు మీద నీళ్లు పోశాను. బుడబుడమని నురగ పొంగింది.

"ఇలా రా అన్నయ్యా. చూడు."

నర్సమ్మ కూడా వంగి చూసింది. "ఇదేనండీ ఆ చిట్ చిట్‌మనేది!"

"ఏ చిట్ చిట్?" అన్నాడు అన్నయ్య.

"మొదటి నుంచీ వస్తోందిగా. మీరు విన్నాక మళ్లీ నేను చెప్పేదేముందిలే అని ఊరుకున్నాను," అంది నర్సమ్మ.

అన్నయ్య నా వైపు తిరిగాడు. "నీకూ వినిపించిందా?"

"మొదటి రోజే."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"చెవి నీది కదా," అని, వెంటనే నాలుక కరుచుకున్నాను.

అన్నయ్య స్క్రూడ్రైవర్ సరిగ్గా ఆ అతుకు పక్కనే ఆనించి, కళ్లు మూసుకున్నాడు. తన వేళ్ల పక్కనే బుడగలు చితుకుతున్నాయి. చాలాసేపు అలాగే ఉండి, లేచి, పిడి తుడిచాడు.

"ప్యాకింగ్ పై అరలో ఉంది. నట్లు తుప్పు పట్టి ఉంటాయి, ముందు నూనె వేసి నాననీ. తొందరపడి విరగ్గొట్టేవు."

చివరి నట్టు నిజంగానే మొండికేసింది. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నాకు అన్నయ్య మీద కోపం లేదు, ఉన్నదంతా నా మీదే. పని అయ్యాక స్టార్ట్ చేశాను. చిట్ చిట్ లేదు. మెత్తగా తిరుగుతోంది. అన్నయ్య వచ్చి ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ ఆనించాడు. "పంపించు" అంటాడని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నాకు పొద్దున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందిరా," అన్నాడు. గొంతు తగ్గించి ఏమీ కాదు, నర్సమ్మకు వినిపించేలాగే అన్నాడు. "పంపించమంటావా?"

ఇరవై రెండేళ్లలో ఆ మాట నన్ను అడగడం అదే మొదలు.

"పంపించు," అన్నాను.

కారు గేటు దాటి వీధిలో వేగం అందుకుంది. మలుపు దగ్గర ఆవిడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. అక్కడే ఇన్నాళ్లూ పేలింది. నేను చెవులు రిక్కించి కారునే చూస్తున్నాను. ఎందుకో పక్కకు చూస్తే, అన్నయ్య కారు వైపు చూడటం లేదు. నా మొహం వైపు చూస్తున్నాడు.

"పేల్లేదు అన్నయ్యా," అన్నాను.

"అయితే టీ పెట్టు," అన్నాడు లోపలికి నడుస్తూ. "దగ్గరుండి చూసుకో. కెటిల్ మాడిందంటే ఇక అది నీ పాపమే."