ముప్పై ఒక్క చుట్లు

గార్లండ్ ప్రూయిట్ నీళ్లలోకి దూకిన మాట నిజం. ఫిబ్రవరి నెలలో, సరస్సు ఒడ్డున బండల మీద మంచు ఇంకా కరగని పొద్దున, అరవై ఒక్కేళ్ల మనిషి తమ్ముడి కోసం బూట్లతో సహా దూకాడు. తమ్ముడు లాయిడ్ పడవ అంచు మీద కాలు జారి పడ్డాడనీ, పడగానే తను చేప లాగుతున్న గాలం రాడ్ పడవలో పారేసి దూకాననీ షెరీఫ్‌కి చెప్పాడు. షెరీఫ్ అదే రాసుకున్నాడు. పాస్టర్ అదే చర్చిలో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఎప్పుడు దూకావని ఈ తొమ్మిది వారాల్లో ఒక్కరూ అడగలేదు. అమెరికాలోని ఆ ఓజార్క్ కొండల్లో గాలం పట్టని ఇల్లు లేదు, కాబట్టి ఆ ప్రశ్న తట్టే ఉంటుంది. కానీ పోయినవాడి అన్నని ఆ మాట అడిగేంత మొరటువాళ్లు అక్కడ లేరు.

గార్లండ్‌కి భయమల్లా ట్వైలా దగ్గరే. లాయిడ్ భార్య ఆమె. సరస్సు మలుపులో ఎరల కొట్టు నడుపుతుంది, వెనక గదిలో గాలం దారం చుట్టే పాత రీళ్లు బాగుచేస్తుంది. రీల్ మూత విప్పి లోపలి జిడ్డు చూసి, దాని యజమాని ఎంత బద్ధకస్తుడో మొహం మీదే చెప్పేస్తుంది. మొగుడు పోయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం గార్లండ్‌ని పిలిచి అన్నం పెడుతోంది. అతనికి పెళ్లాం ఎప్పుడో వదిలేసి వెళ్లింది, పిల్లల్లేరు. ఆ బల్ల దగ్గర తప్ప అతన్ని కూర్చోమనే చోటు ఇంకెక్కడా లేదు. అది కూడా పోతే తన గతేమిటన్న ఆలోచన అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

ఆ ఆదివారం ఆమే ఎత్తింది మాట.

"వచ్చే శనివారం లాయిడ్ బూడిద సరస్సులో కలిపేద్దాం. ఆ బండల దగ్గరే. పడవ నువ్వు నడుపు."

"సరే."

"మీ నాన్న రాడ్ కూడా తెచ్చుకో. లాయిడ్ పేరు మీద ఒక్కసారి గాలం వేద్దువు గానీ. రేపు కొట్టుకి పట్టుకురా, రీల్‌కి నూనె వేసి ఇస్తా. అప్పట్నుంచీ అలాగే పడుండి ఉంటుంది."

"దానికేమైందని? బాగానే ఉంది."

"బాగుందో లేదో నేను చూస్తాగా. ఇంకొంచెం బీన్స్ వేసుకో, పుల్లలా అయిపోయావు. రొట్టె కూడా ఉంది."

వేసుకున్నాడు.

ఆ రీల్ గురించి అన్నదమ్ములిద్దరూ నలభై ఏళ్లు పోట్లాడుకున్నారు. గార్లండ్‌ది తండ్రి హోబర్ట్ ముసలాయన వాడిన ఫైబర్‌గ్లాస్ రాడ్, దానికి బరువైన ఇనప రీల్. లాయిడ్‌ది మొన్న మొన్న కొన్న కార్బన్ రాడ్, చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. ఇద్దరూ కట్టేది మాత్రం ఒకటే, తలవెంట్రుకంత సన్నటి నైలాన్ దారం, దాని చివర వేరుశనగ గింజంత సీసపు గాలం. చలికాలం బాస్ చేప పెద్ద ఎరని చూస్తే మొహం తిప్పుకుంటుంది. ఇంత చిన్నది పైనుంచి మెల్లగా దిగుతుంటే మాత్రం ఆగలేక నోట్లో వేసుకుంటుంది. కాబట్టి చేప ఎంత పెద్దదైనా ఆ సన్నటి దారం తెగకుండా ఆడించాలి. లాయిడ్ రీల్‌లో బ్రేకు బిళ్లలు ఉన్నాయి, చేప లాగితే దారం దానంతటదే జారుతుంది, మనిషి ఒంటిచేత్తో పట్టుకుని రెండో చేత్తో సిగరెట్ కాల్చుకోవచ్చు. ముసలాయన పద్ధతి వేరు. ఆయన బ్రేకు బిగించేసి, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే మీట తీసేసేవాడు. చేప లాగితే హ్యాండిల్ వెనక్కి తిప్పి దారం ఇవ్వాలి, ఆగితే ముందుకి తిప్పి తీసుకోవాలి. రెండు చేతులూ దాని మీదే ఉండాలి. పొరపాటున వదిలితే హ్యాండిల్ గిర్రున తిరిగి వేళ్ల కణుపులు పగలగొడుతుంది, దారమంతా చిక్కుపడి పిచ్చుక గూడైపోతుంది.

"ముసలోడా, ఆ మ్యూజియం సరుకు ఇంట్లో పెట్టి రావచ్చుగా?" అనేవాడు లాయిడ్. అన్నని అతను ఎప్పుడూ పిలిచే పిలుపు అదే.

"నీ రీల్‌కి బుర్ర ఉందిరా. అందుకే నీకు లేకపోయినా గడిచిపోతోంది."

ఫిబ్రవరి పొద్దున కూడా ఈ మాటలే అనుకున్నారు. తర్వాత గార్లండ్ దారానికి చేప పడింది. ముప్పై ఏళ్లలో అంతటి చేప అతని గాలానికి తగల్లేదు. పడవ పక్కకి తెచ్చేసరికి ఇద్దరికీ దాని పొట్ట కనిపించింది. లాయిడ్ తన రాడ్ పక్కన పెట్టి, చేతి వల పట్టుకుని వంగాడు. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంది. పడవ అంచున సన్నగా పేరుకున్న మంచు మీద బూటు జారి నీళ్లలో పడ్డాడు.

ఆ చప్పుడికి చేప బెదిరి పరుగెత్తింది. లాయిడ్ తల పైకొచ్చింది. చలికి ఊపిరాడకపోయినా నవ్వుతున్నాడు. "నన్ను కాదు, చేపని చూడు! పోగొట్టావంటే చంపుతా!" అని అరిచాడు. గార్లండ్ కూడా నవ్వాడు. రెండు చేతులూ రీల్ మీదే ఉన్నాయి.

ఈ తొమ్మిది వారాలూ అతను అక్కడిదాకానే తలుచుకోవాలని చూశాడు. నాన్న రీల్ అది, ఒక చెయ్యి తీయడానికి వీల్లేనిది, నేనేం చేయగలను, అని తనకి తానే చెప్పుకుంటూ వచ్చాడు. ఆ తర్వాతది గుర్తుకొస్తే లేచి ఏదో ఒక పని పెట్టుకునేవాడు.

సోమవారం కొట్టుకి వెళ్లేసరికి ట్వైలా ముక్కు మీద కళ్లద్దాలు, చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టుకుని కూర్చుంది. వెనక గోడకి మేకు మీద లాయిడ్ కోటు వేలాడుతోంది. ఆమె రాడ్ అందుకుని పైనుంచి కిందికి చూసింది. పిడి పైన గాలం తగిలించుకునే చిన్న కొక్కెం ఉంటుంది. సీసపు గాలం బుద్ధిగా దానికి తగిలించి ఉంది, దారం బిగుతుగా ఉంది.

హ్యాండిల్ ముందుకి తిప్పింది. వెనక్కి తిప్పింది.

"మీట తీసే ఉందే. ఆ రోజు కూడా వెనక్కి తిప్పుతూనే ఆడించావా?"

"మరి? నాన్న రీల్‌కి బ్రేకు ఎప్పుడు వాడాం?" అన్నాడు గార్లండ్. మాట గర్వంగానే వచ్చింది. అన్నాక గానీ ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు.

ట్వైలా స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

"ఈ రీల్‌ని, చేప లాగుతుండగా, వదిలేశావు."

"పిచ్చుక గూడైంది. ఇంటికెళ్లాక విప్పాను."

"విప్పావా."

"ఊఁ."

ఆమె గాలం విడదీసి దారం లాగడం మొదలుపెట్టింది. బారలు బారలుగా లాగి నేల మీద పోస్తోంది, ప్రతి బారనీ కింది పెదవి మీదుగా జారనిస్తోంది. దారంలో గీతలు, దెబ్బలు చూడటానికి అక్కడ అందరూ చేసే పనే, వేళ్లకన్నా పెదవికి బాగా తెలుస్తుంది. సన్నటి నైలాన్ ఒకసారి చిక్కుపడితే ఎంత ఓపిగ్గా విప్పినా మెలికలు దాన్ని వదలవు. ఆమె చాలాసేపు లాగింది. గార్లండ్ ఆమె పెదవి వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇది చిక్కుపడిన దారం కాదు, గార్లండ్."

ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మెత్తగా ఉంది. తిడితే బాగుండేది, తట్టుకునేవాడు.

"దీనికి రెండు చేతులూ కావాలి కదా. లాయిడ్ నీకు ఎన్నిసార్లు చెప్పాడు, కొత్తది కొనుక్కోమని. వాడి రీల్ నీ చేతిలో ఉండుంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండేది. అంతే కదా? ఈ దిక్కుమాలిన రీల్ వల్లే కదా? అవునను, నమ్ముతా. మళ్లీ అడగను."

బతిమాలుతోందని అతనికి తెలిసింది. ఒక్క 'అవును'తో ఆదివారాలు మిగులుతాయి, శనివారం పడవ మిగులుతుంది. నోరు తెరిచాడు కూడా. ఎదురుగా గోడ మీద కోటు ఉంది. ఆ కోటు ముందు ఇంకో అబద్ధం మోయడం తన వల్ల కాదనిపించింది.

"కాదు" అన్నాడు. "చేప పోయింది, ట్వైలా. గాలం ఊడొచ్చింది. అప్పటికి వాడింకా నీళ్ల పైనే ఉన్నాడు. పిలిచాడు. 'ఉండరా, వస్తున్నా' అన్నాను."

"అని?"

"దారం చుట్టాను."

చేప పోయాక దారం నీళ్లలో వదిలేస్తే మోటారుకి చుట్టుకుంటుంది. ముందు చుట్టు, తర్వాత ఏడుద్దువు గానీ అని ఆరేళ్ల వయసు నుంచీ హోబర్ట్ ముసలాయన కణుపుల మీద కొట్టి నేర్పాడు. గార్లండ్ చెయ్యి యాభై ఐదేళ్లుగా చేస్తున్న పని ఆ పొద్దున కూడా చేసింది.

"మొత్తమా?"

"మొత్తం. గాలం కొక్కేనికి తగిలించాను. అప్పుడు తలెత్తి చూశాను. వల ఒకటే తేలుతోంది."

"ఎన్ని చుట్లు?"

తెలియదని చెప్పొచ్చు. తొమ్మిది వారాల్లో అతను లెక్కపెట్టని రోజు లేదు.

"ముప్పై ఒకటి."

"తొందరగా చుట్టావా, మెల్లగానా?"

"మామూలుగానే."

ట్వైలా రాడ్ నిటారుగా పట్టుకుని, నేల మీది దారాన్ని చుట్టడం మొదలుపెట్టింది. మామూలుగానే చుట్టింది. పైకి లెక్కపెడుతూ, కోటు వైపు చూస్తూ చుట్టింది. తొమ్మిది దగ్గర ఎవరో ఎరకి మిడతల కోసం తలుపు తోసి లోపలికొచ్చి, ఆమె మొహం చూసి వెనక్కి వెళ్లిపోయారు. ఇరవై దగ్గర గార్లండ్ "ఇక చాలు" అన్నాడు. ఆమె ఆపలేదు. మనిషి పదిసార్లు ఊపిరి తీసుకునేంతసేపు పట్టింది ఆ చుట్టడం. ముప్పై ఒకటి అన్నాక ఆగి, మిగిలిన దారాన్ని కత్తెరతో తెంపేసి, రాడ్ అతని చేతికిచ్చింది.

"శనివారం పడవ నేనే నడుపుకుంటా" అంది. "ఆదివారం కూడా రాకు."

అతను తల ఊపి తలుపు దాకా నడిచాడు. గడియ మీద చెయ్యి వేశాక ఆమె వెనకనుంచి అడిగింది.

"ఏమని పిలిచాడు నిన్ను? ముసలోడా అనేనా?"

గార్లండ్ వెనక్కి తిరగలేదు.

"అన్నయ్యా అన్నాడు" అన్నాడు. పదేళ్ల వయసు దాటాక లాయిడ్ అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి.